పెద్దోడికి బాయి, చిన్నోడికి దీవి

సింగరేణి బొగ్గు బాయిల్లో మేం చాలా గెలిచాం. 1981లో 56 రోజులు సమ్మె చేశాం. 2011 సకల జనుల సమ్మెలో నెల దాటినా ఎవరమూ మస్టర్ పడలేదు. వేజ్ బోర్డులు, లాభాల్లో వాటా, కారుణ్య నియామకాలు ఒక్కొక్కటే సాధించుకున్నాం. ఇన్ని గెలిచిన మేం మా చిన్నకొడుకుల దగ్గరికి వచ్చేసరికి ఓడిపోయాం. మేనేజ్‌మెంట్‌ను తిట్టి తప్పించుకోవడానికి కూడా లేదు. ఈ పని మా చేతులతో మేమే చేసుకున్నాం.

మేం అంటే గోదావరిఖనిలో పర్మనెంట్ నౌకరీ చేసినవాళ్లం, చేస్తున్నవాళ్లం, దిగిపోయినవాళ్లం. యూనియన్ ఆఫీసుల్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్లం. ఒకప్పుడు ఒక ఇంక్లైన్ గని మీద యూనియన్ పిట్ సెక్రటరీగా తిరిగిన నేనూ ఆ లెక్కలోనే ఉన్నాను.

ఒక కుటుంబం సంగతి చెబితే ఊరంతటి సంగతీ తెలుస్తుంది. తండ్రి బాయిలో సర్దారో, టింబర్‌మ్యానో, కోల్ ఫిల్లరో. ఇద్దరు కొడుకులు. మోకాళ్లు అరిగిపోయాయి, ఊపిరి ఆడటం లేదు. మెడికల్ బోర్డుకు పెట్టుకుంటే, అన్‌ఫిట్ అయితే, ఒక్క నౌకరీ వస్తుంది. అది పెద్దోడికి. మరి చిన్నోడు? బీటెక్ అయింది, హైదరాబాద్‌లో కోచింగ్ అయింది, ఒక కొరియర్ ఆఫీసులో కొన్నాళ్లు కూర్చున్నాడు. ‘పెద్దోడికి బాయి ఇచ్చినం, నీకేమిస్తం బిడ్డా’ అని తల్లి బాధపడుతుంటే ఎవరో ఫోన్‌లో ఒక బొమ్మ చూపిస్తారు. నీలం సముద్రం, తెల్ల గోడలు, మేడ మీద పూలకుండీలు. సైప్రస్. లేకపోతే మాల్టా. తండ్రి చేతికొచ్చిన గ్రాట్యుటీలో ఒక తుంట అటు పోతుంది. ఇద్దరికీ పంపకం అయిపోయిందనుకుని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆడపిల్ల ఉంటే ఆమె పేరు ఈ పంపకంలోకే రాదు.

జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయినంతమంది మా దగ్గర్నుంచి ఈ దీవులకు పోవడం లేదు. ఆ మాట ఒప్పుకోవాలి. అయినా దీని గురించే రాయడానికి కారణం ఉంది. గల్ఫ్ అంటే అప్పు, ఎండ, కష్టం అని మాకు తెలుసు. పరిస్థితి బాగోలేనివాడే పోతాడనుకుంటాం. దీవికి పోయేవాణ్ని అట్లా చూడం, వాడికి ఫ్లెక్సీ కడతాం. ఎందుకంటే దీవి అనగానే మాకు పని గుర్తురాదు, గాలి గుర్తొస్తుంది.

ఆ ఆశను నేను ఎగతాళి చేయను. ఎండాకాలం వార్తల్లో రామగుండం పేరు వినని తెలుగువాళ్లుండరు. నలభై అయిదు డిగ్రీలు దాటితే మాకు వింత కాదు. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ వేళకు గోడ మీద దేవుడి పటం ఊగుతుంది. ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి తెల్లగా ఉండదు. ఒకవైపు ఎన్టీపీసీ పొగగొట్టాలు, ఇంకోవైపు మట్టిగుట్టలు, ఆ గుట్టలు కూడా మేం పుట్టినప్పుడు లేవు, మా డంపర్లే పోశాయి. ఇట్లాంటి చోట పుట్టి పెరిగిన పిల్లాడికి సముద్రపు గాలి మీద మనసు పోవడంలో తప్పేముంది? ‘అక్కడ దుమ్ముండదట మామా’ అన్నాడొక పిల్లవాడు నాతో. జీతం ఎంతో చెప్పకముందే ఆ మాట చెప్పాడు.

దుమ్మును ఎవరు రానిచ్చారు? భూగర్భ గని మూసి ఉపరితల గని తీస్తామన్నప్పుడు మేం ధర్నా చేశాం, నిజమే. ఆ ధర్నాలో మా డిమాండ్లు ఏమిటో ఇప్పుడు గుర్తు చేసుకుంటే సిగ్గేస్తుంది. మస్టర్లు తగ్గొద్దు, సర్‌ప్లస్ చేసినవాళ్లను దూరం పంపొద్దు, ఇన్సెంటివ్ ఆపొద్దు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు మా ఊరు పోతుంది, మా చెరువు పోతుంది అని వస్తే వాళ్ల మీటింగుకు మేం ఇద్దరు ప్రతినిధులను పంపి చేతులు దులుపుకున్నాం. బొగ్గు ఎక్కువ వస్తే లాభం, లాభం వస్తే దసరాకు వాటా. ఆ లెక్క మాకు బాగా తెలుసు. గోదావరి ఒడ్డున ఉన్న ఊరు మాది. ఆ గాలి చాలక మా పిల్లలు మధ్యధరా సముద్రం దాకా పోవాల్సి వస్తోంది.

ఇక మాకు తెలియని లెక్కలు. యూనియన్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్న ఏ కార్మికుణ్నైనా లేపి అడగండి, వేతన ఒప్పందంలో 9.3.2 ఏమిటో, 9.4.0 ఏమిటో పుస్తకం తీయకుండా చెబుతాడు. చనిపోయినవాడి వారసుడి సంగతి ఒకటి, అన్‌ఫిట్ అయినవాడి వారసుడి సంగతి ఒకటి. మైన్స్ యాక్ట్ 1952 మాకు నోటికి వచ్చు. 1983 ఎమిగ్రేషన్ చట్టం మాలో ఒక్కరూ తెరిచి చూడలేదు. చూసి ఉంటే నాలుగు ముక్కలు తెలిసేవి. రిజిస్టర్ చేసుకున్న ఏజెంటు ఉద్యోగం కోసం పంపినందుకు 30 వేలు, దాని మీద జీఎస్టీ తప్ప సర్వీస్ ఛార్జీ తీసుకోకూడదు. మనవాళ్లు ఇస్తున్నది లక్షల్లో. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి అయిన 18 దేశాల పట్టికలో గల్ఫ్ దేశాలున్నాయి, సైప్రస్, మాల్టా లేవు. పైగా పదో తరగతి పాసైతే ఆ క్లియరెన్స్ ఎట్లాగూ అడగరు. అంటే గల్ఫ్‌కు పోయే చదువురాని కూలీని సర్కారు కనీసం ఒకసారి ఆపి అడుగుతుంది. మా బీటెక్ పిల్లాడిని అడిగేవాళ్లు లేరు. స్టూడెంట్ వీసా మీద పోతే ఈ చట్టం వాణ్ని వలస కార్మికుడిగా చూడనే చూడదు. చదువు పేరుతో పోయి గిన్నెలు కడుగుతున్నవాడు చట్టం దృష్టిలో విద్యార్థే.

‘అది యూరప్, కాకా! ఒక్కసారి కాలు పెడితే జర్మనీ అయినా పోవచ్చు’ అని ఏజెంటు చెబితే మేం తలూపాం. సైప్రస్ 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది, ఒకే వీసాతో తిరగనిచ్చే షెంజెన్ కూటమిలో మాత్రం చేరకుండానే ఇన్నేళ్లూ ఉంది. ఆ వీసాతో జర్మనీ విమానం ఎక్కనివ్వరు. మాల్టా షెంజెన్‌లో ఉంది. అయితే అక్కడి పర్మిట్ ఉన్నవాడు వేరే దేశం చూసి రావచ్చు గానీ అక్కడ పని చేయకూడదు. పర్మిట్ కూడా యజమానితో ముడిపడి ఉంటుంది. ఆ దేశం మొత్తం విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లే. ఉద్యోగం ఇచ్చినవాడితో చెడితే ఎక్కడికని పోతాడు?

సైప్రస్‌లో ఇంకో చిక్కుంది. 1974 నుంచి ఆ దీవి రెండు ముక్కలు. ఉత్తరం వైపు ముక్కను టర్కీ తప్ప ప్రపంచంలో ఏ దేశమూ దేశంగా గుర్తించలేదు, మన దేశమూ గుర్తించలేదు. అక్కడ విశ్వవిద్యాలయాలున్నాయి, ఫీజు తక్కువ. ఏజెంటు అడ్మిషన్ కాగితం మీద ‘సైప్రస్’ అని చూపిస్తాడు. ఏ వైపో తండ్రి అడగడు. అటు దిగినవాడికి ఆపదొస్తే పోవడానికి మన రాయబార కార్యాలయం ఆ వైపున లేదు. అటునుంచి గీత దాటి దక్షిణానికి వస్తే అక్రమంగా వచ్చినట్టు లెక్క. బాయిలో ఏ గ్యాలరీలో రూఫ్ బాగోలేదో, ఏ మలుపు దగ్గర గాలి ఆడదో మాకు చీకట్లో కూడా తెలిసేది. కొడుకును పంపే దేశం పటం ఒక్కసారి చూడలేకపోయాం.

కోస్తా గోదావరి జిల్లాల నుంచి సైప్రస్‌కు ఇంటిపనికి పోయే ఆడవాళ్ల సంగతి కొత్తది కాదు. 2023 జనవరిలో ఆ దేశం కనీస వేతనాన్ని దాదాపు అన్ని రంగాలకూ తెచ్చింది, నెలకు 940 యూరోలు. ఇంటిపని చేసేవాళ్లను అందులోంచి తీసేశారు. మా గోదావరికి కింది చివర ఉన్నవాళ్ల అనుభవం అది. ఎగువన ఉన్న మేం వాళ్లను అడిగినా సరిపోయేది. అడగలేదు. వాళ్లు ఇంటిపనివాళ్లు, మా పిల్లలు ఇంజనీర్లు అనుకున్నాం.

ఇంత గర్వం మాకు ఎక్కడిది? మేం వలస వచ్చినవాళ్లమే. కరీంనగర్, వరంగల్ పల్లెల్లో దొరల కింద పడి ఉండలేక, అప్పులు తీరక, తట్ట చెమ్మస్ పట్టుకుని బాయి దిగినవాళ్ల కొడుకులం. అరవైలలో ఇక్కడ ఇంక్లైన్లు తెరిచినప్పుడు గుడిసెలేసుకున్నవాళ్లు మా తండ్రులు. 2003 జూన్ 16న ఏడో నంబరు ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది పోయారు. ఆ రోజుల్లో ప్రతి క్వార్టర్‌లోనూ తల్లులు ఒకటే మాట అన్నారు, నా కొడుకు బాయి దిగొద్దని. ఆ మాటను తప్పని ఎవడంటాడు? కానీ మేం దాన్ని విన్న తీరు చూడండి. బాయి ప్రమాదం లేకుండా మారాలని వినలేదు. మా కొడుకు బదులు ఇంకెవరి కొడుకో దిగాలని విన్నాం.

ఆ ఇంకెవరి కొడుకే కాంట్రాక్టు కార్మికుడు. తొంభైల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులున్నారు. ఇప్పుడు పర్మనెంట్ వాళ్లం సుమారు నలభై వేల మందిమి మాత్రమే. బొగ్గు మాత్రం అప్పటికంటే చాలా ఎక్కువ వస్తోంది. యంత్రాలు కొంత కారణం. మిగతాది మా పక్కనే, అదే హెల్మెట్ పెట్టుకుని, మా జీతంలో చిన్న ముక్కకు పనిచేసే పాతికవేల పైచిలుకు మంది. కోల్ ఇండియా గనుల్లో అమలవుతున్న హైపవర్ కమిటీ వేతనాలు మాకూ ఇవ్వండని వాళ్లు 2022 సెప్టెంబర్‌లో రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. మేం వాళ్ల శిబిరానికి వెళ్లి సంఘీభావం తెలిపాం. ఫొటో దిగాం. తర్వాత మొదటి షిఫ్ట్‌కు టైం అయిందని పోయి మస్టర్ పడ్డాం. పర్మనెంట్ కార్మికులు ఒక్కరోజు బాయి దిగకపోతే ఏమవుతుందో మాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ రాష్ట్రంలో లేరు. 2011లో చేసి చూపించాం. తెలంగాణ కోసం నెల జీతం వదులుకున్నవాళ్లం పక్కవాడి కూలి కోసం ఒక్క మస్టర్ వదులుకోలేకపోయాం.

సైప్రస్ దీవిలో కూడా గనులున్నాయి, రాగి గనులు. 1948లో మావ్రోవూని దగ్గర అమెరికన్ కంపెనీ మీద గ్రీకు కార్మికులు, తుర్కు కార్మికులు కలిసి నెలల తరబడి సమ్మె చేశారు. భాష వేరు, మతం వేరు, తర్వాతి కాలంలో ఒకరినొకరు చంపుకునేంత దూరం పోయిన జాతులు. అయినా ఆ నాలుగు నెలలూ కలిసి నిలబడ్డారు. మాకూ కాంట్రాక్టు కార్మికుడికీ మధ్య ఉన్న తేడా ఒక ఐడీ కార్డు.

2024 దసరాకు లాభాల్లో 33 శాతం పంచారు, ఒక్కొక్కరికి సగటున లక్షా 90 వేలు. మొట్టమొదటిసారి కాంట్రాక్టు కార్మికులకూ ఇచ్చారు. 5 వేలు. మేం చప్పట్లు కొట్టాం, చరిత్రాత్మకం అన్నాం. ఖని లక్ష్మీనగర్‌లో బట్టల షాపుల్లో నిలబడటానికి చోటు లేదు ఆ వారం. ఇప్పుడు మాలో ఒకరి చిన్నకొడుకు మాల్టాలో బైక్ మీద తిండి పొట్లాలు మోస్తున్నాడు. అక్కడ వాడు ఎవరు? బయటివాడు, కాగితం మీద కాలం రాసిపెట్టుకుని వచ్చినవాడు, ఊరి కార్మికుడికి దక్కేవి దక్కనివాడు. వాణ్ని అక్కడి యూనియన్ పట్టించుకోవడం లేదని తండ్రి నా దగ్గర వాపోయాడు. నాకు వెంటనే జవాబు తోచింది. చెప్పడానికి నోరు రాలేదు.

మధ్యధరా సముద్రంలోనే సార్డీనియా అని ఇంకో దీవి ఉంది, ఇటలీది. అందులో కార్బోనియా అని ఒక ఊరు. ఫొటోల్లో చూపించే దీవి కాదది. మా ఊరే అది, కాకపోతే సముద్రానికి దగ్గర్లో ఉంది. బొగ్గు కోసమే కట్టిన ఊరు. 1938 డిసెంబర్ 18న ముస్సోలినీ వచ్చి ప్రారంభించాడు. వరుసగా క్వార్టర్లు, మధ్యలో చౌక్, ఒక చర్చి. దీవి నలుమూలల నుంచీ, అవతలి ఇటలీ నుంచీ జనం వచ్చి చేరారు. సెర్బరియు అనే పెద్ద గని 1937లో మొదలై 1964లో మూతపడింది. యుద్ధం అయిపోగానే బయటి బొగ్గు చవకగా రావడం మొదలైంది, వీళ్ల బొగ్గులో గంధకం ఎక్కువ. జనాభా దాదాపు సగానికి పడిపోయింది. ఆ గనిని తర్వాత మ్యూజియం చేశారు.

అక్కడి పిల్లలు ఎక్కడికి పోయారో తెలుసా? ఎక్కువగా పైకి, యూరప్ లోపలికి. అందులో కొందరు మళ్లీ బొగ్గుకే. 1946లో ఇటలీ ప్రభుత్వం బెల్జియంతో ఒప్పందం చేసుకుంది, మేం మనుషుల్ని పంపుతాం, మీరు బొగ్గు పంపండని. ఆ పోయినవాళ్లు పాత యుద్ధఖైదీల శిబిరాల రేకుల షెడ్లలో ఉండి బాయి దిగారు. 1956 ఆగస్టు 8న మార్సినెల్ గనిలో మంటలు లేచి 262 మంది చనిపోతే అందులో 136 మంది ఇటలీవాళ్లు. మధ్యధరా గాలి వదిలి చీకట్లోకి పోయినవాళ్లు వాళ్లు. మా పిల్లలు చీకట్లోంచి ఆ గాలి కోసం పోతున్నారు.

ఆ ప్రాంతంలో చివరిదాకా మిగిలిన బొగ్గు గని నురాక్సి ఫీగుస్. 2012 ఆగస్టులో దాన్ని మూసేస్తారన్న భయంతో కార్మికులు పేలుడు మందు దగ్గర పెట్టుకుని 373 మీటర్ల లోతున కూర్చున్నారు, పైకి రామన్నారు. అది చదివినప్పుడు నాకు మొదట రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తర్వాత ఇంకోటి తోచింది. అప్పటికి మిగిలింది ఒక్క గని, పనిచేసేది కొన్ని వందల మంది. గనులు బోలెడున్నప్పుడు, వేలమంది ఉన్నప్పుడు, బొగ్గు తర్వాత ఈ ఊరు ఎట్లా బతకాలని వాళ్లూ గట్టిగా పట్టుబట్టలేదేమో. మేం ఇప్పుడు ఆ బోలెడు గనులున్న కాలంలో ఉన్నాం. మా సంస్థ కొత్త బొగ్గు కోసం ఒడిశా దాకా పోయింది, 2025లో నైనీ గని మొదలైంది. కంపెనీ కూడా వలస పోతోందని మేం జోకులేసుకున్నాం. జోకులతోనే సరిపెట్టాం. ఒక్కొక్క ఇంక్లైన్ మూతపడుతుంటే బదిలీ ఎక్కడికి అన్నది ఒక్కటే అడిగాం.

సార్డీనియా ప్రభుత్వం 2022లో మూడు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లలో ఇల్లు కొనుక్కుని ఉంటామన్నవాళ్లకు 15 వేల యూరోల దాకా ఇస్తామంది. ఇంటర్నెట్‌లో ‘దీవిలో ఉండండి, డబ్బు తీసుకోండి’ అని తిరిగే బొమ్మల వెనక ఉన్నది ఇదే. మా పిల్లలకూ ఎవరో ఆ వీడియో పంపారు. దేశం బయటివాడికి ముందు అక్కడ ఉండే హక్కు కావాలి, తర్వాతే ఆ డబ్బు. ఆ ముక్క వీడియోలో ఉండదు. ఆ ఊళ్లు ఎందుకు ఖాళీ అయ్యాయో కూడా ఉండదు. సొంత పిల్లలు నిలవలేక పోయిన చోట మా పిల్లలు పోయి బతకాలని మేం డబ్బు కడుతున్నాం.

పోయినవాళ్లందరూ చెడిపోలేదు. ఒకరిద్దరు హోటల్ వంటగదిలో కుదురుకున్నారు, ఇంటికి పంపుతున్నారు. వాళ్ల పేరు ఊరంతా తెలుసు. తిరిగొచ్చినవాళ్ల పేరు ఎవరికీ తెలియకుండా మేం చూసుకుంటాం. ‘సెలవు మీద వచ్చిండు’ అంటాడు తండ్రి. ఆరు నెలలైనా సెలవే. మేమూ తెలిసే ఊ కొడతాం, ఆయన పరువు పోకూడదని. ఆ పరువు కాపాడటం వల్ల పక్క క్వార్టర్‌లో ఇంకో తండ్రి అదే ఏజెంటుకు అడ్వాన్స్ ఇస్తాడు. బాయిలో ప్రమాదం జరిగితే ఎంక్వైరీ పెడతాం, ఓవర్‌మ్యాన్‌ను, షాట్‌ఫైరర్‌ను నిలబెట్టి అడుగుతాం, ఎక్కడ రూఫ్ సపోర్టు తగ్గింది, ఎవరు సంతకం పెట్టారు అని. మళ్లీ జరగొద్దని నోటీసు బోర్డు మీద రాస్తాం. దీవి నుంచి వట్టి చేతులతో వచ్చినవాణ్ని కూర్చోబెట్టి ఏం జరిగిందని ఒక్కసారి అడగలేదు. వాడు చెప్పింది నోటీసు బోర్డు మీద పెట్టే ధైర్యం ఒక్క యూనియన్‌కూ లేకపోయింది.

నేను ఈ సంగతి మొన్న ఒక కమిటీ మీటింగులో ఎత్తాను. ప్రతి యూనియన్ ఆఫీసులో ఒక పుస్తకం పెడదాం, ఏ పిల్లాడు ఎక్కడికి పోయిండు, ఏ ఏజెంటు, ఎంత ఇచ్చిండు, తిరిగొస్తే ఎందుకొచ్చిండు, అంతా రాద్దాం, పోయే పిల్లలకు ముందే చదివి వినిపిద్దాం అన్నాను. కాంట్రాక్టు కార్మికుల వేతనాల మీద మనం కూడా ఒక్కరోజు మస్టర్ పడకుండా ఉందాం, అప్పుడు చిన్నకొడుకులకు ఇక్కడే బతికే కూలి పుడుతుంది అని కూడా అన్నాను. ఒకాయన ‘అన్న చెప్పింది మంచి మాటే’ అన్నాడు. ఇంకొకాయన ఆ బుక్కు మనమెందుకు పెట్టాలె, కలెక్టరాఫీసు వాళ్ల పని కదా అన్నాడు. మస్టర్ మాట మీద ఎవరూ ఏమీ అనలేదు. రెండో షిఫ్ట్‌వాళ్లు లేచారు. దాన్ని ఇతర అంశాల్లో రాయమని నేనే చెప్పాను, అందరికీ టైం అయిపోతోందని.

వచ్చే మీటింగు ఎజెండా వాట్సాప్‌లో వచ్చింది. లాభాల వాటా శాతం పెంపు, సొంతింటి పథకం, అలవెన్సుల మీద ఆదాయపు పన్ను మాఫీ, మెడికల్ బోర్డు నెలకు రెండుసార్లు పెట్టాలన్నది. ఇతర అంశాలు అని కింద ఒక వరుస ఉంది, దానెదురుగా ఏమీ రాయలేదు.